పక్కింట్లో పెట్టిన ఫ్రిజ్

సర్కారు సాయానికి ఎవరు పేదలో తేల్చే సర్వే ఆఫీసరు వచ్చేలోగా ఫ్రిజ్‌ను పక్కింటికి చేర్చాలి, అది నిలబడ్డచోట మరక తుడవాలి, పిల్లలకు వెలిసిన బట్టలు తొడగాలి. ఆమె అన్నీ చేసింది. సర్కారు సాయం పోకుండా నిలిచింది. సాయంత్రం ఫ్రిజ్ తెచ్చుకోవడానికి పక్కింటి ముసలమ్మ గడప తొక్కింది.

"గండం గడిచింది పిన్నీ."

"ఆ ఆఫీసరు మీ ఇంటి నుంచి ఇటే వచ్చాడమ్మా."

"నీ వంతు వచ్చేవారం కదా?"

"పనిలో పని అన్నాడు. ఫ్రిజ్ చూసి పింఛను జాబితాలోంచి నా పేరు కొట్టేశాడు."

"మాదని చెప్పకపోయావా?"

"చెబితే నీ పిల్లల నోటికాడ కూడు పోదూ?"

ఆమె తలెత్తలేకపోయింది.

"రేపు నేనే వెళ్లి చెబుతాను పిన్నీ."

"సరేలే. ముందు ఫ్రిజ్‌లోని పాలు తీసుకెళ్లు, విరిగిపోతాయి."

ఆ రేపు ఇంకా రాలేదు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా మీరైనా ఆ ముసలమ్మను తలుచుకోండి.