బెల్టు ఆగినప్పుడు

అమెరికాలోని ఒహాయోలో ఒక గిడ్డంగి. భోజనాల గదిలో, కదిలే బెల్టు మీద వచ్చే పెట్టెలెత్తే మనిషితో, అక్కడి యంత్రాలను పనివాళ్లకు అనువుగా మార్చే డిజైనరమ్మ మాట్లాడుతోంది.

“బెల్టు ఇప్పుడు మధ్యలో ఆగట్లేదు కదండీ?”

“ఆగినప్పుడే కదా తల్లీ, కాస్త నడుం తిన్నగా చేసుకునేది!”

“మనిషిని అడక్కుండా నేనేదీ మార్చను. ఆగితే చిరాకని మీరే అన్నారు.”

“వెనకాల సూపర్‌వైజర్ని నిలబెట్టుకుని అడిగావు. ఆగితే సుఖంగా ఉందంటానా?”

“అయ్యో! పైవాళ్లకు చెప్పి మళ్లీ ఆగేలా చేయిస్తాను.”

“ఏమని?”

“మీకు నడుం నొప్పని.”

“నా పేరెత్తకు! నొప్పోడు మనకెందుకని తీసిపారేస్తారు.”

“పేరు లేకపోతే నమ్మరండీ. ఇంకెవరైనా చెబుతారా?”

“అందరివీ నడుములే, అందరికీ పిల్లలే. ఎవడు చెబుతాడు?”

“మరి రిపోర్టులో నేనేం రాయను?”

“బెల్టు బ్రహ్మాండమని రాయి తల్లీ. గంట కొట్టారు, నే పోవాలి.”