బావ మార్చనివ్వని బేరింగులు

రా అమ్మడూ, రా. ఏమిటా చేతులు, మోచేతుల దాకా గ్రీజు! బుగ్గ మీద కూడా ఉంది, ఆ బుగ్గ కాదు, ఇటు. సర్లే, అందంగానే ఉంది, ఉండనీ. కూర్చో. ఆ కుర్చీలో వద్దు, పాలిష్ ఆరలేదు, లేచేటప్పుడు కుర్చీ కూడా నీతో వచ్చేస్తుంది. ఆ దుంగ మీద కూర్చో. ఊఁ, చెప్పు. బ్యాండ్ సా రంపం మూలుగుతోందా? బ్లేడు తీసి పై చక్రాన్ని తిప్పితే లోపల ఇసుక పోసినట్టు కరకరమంటోందా? పట్టుకుని ఊపితే ఊగుతోందా? ఇంకేం మరి, బేరింగులు అరిగిపోయాయి, కొత్తవి వేయించు. ఏమిటీ, మీ తాత ఎలా మార్చేవాడా? మీ తాత మార్చడం కూడానా! మార్చనిచ్చేవాడే కాదు తల్లీ. దాని వెనక పెద్ద కథే ఉంది. నీకు ఆయన ఫోటోలో తెలుసు, అందులో అమాయకంగా ఉంటాడు, నమ్మకు.

మా అక్కని చేసుకున్నాడు కాబట్టి బావ అంటాను గానీ, మహా మొండి మనిషి. రంపం దగ్గర మాత్రం ఆయన్ని మించినవాడు లేడు, అది ఒప్పుకోవాలి. అప్పట్లో కూడా ఇదే షెడ్డు, ఇదే మిషను, గోడకి అవతల ఇల్లు. బేరింగులు అరిగిపోయి ఆ మిషను ఏం మూలుగు మూలిగేదనుకున్నావ్! పురిటి నొప్పులు పడుతున్న గేదెలా. బల్ల మొత్తం గజగజ వణికేది. గోడకి అవతల వంటింట్లో అక్క గిన్నెలు వాటంతట అవే నడిచి అంచు దాకా వచ్చేవి. కోత కూడా తిన్నగా రాదు, పాము పాకినట్టు వచ్చేది. "బావా, బేరింగులు మారుద్దాం" అంటే, బల్ల మీద అరచెయ్యి పెట్టి, నా నోటి వంక ఒకసారి చూసి, "ఇంకా దానికి ఆయుష్షుందిరా" అనేవాడు. దానికి ఉందేమో, మాకు తరిగిపోతోంది కదా! అక్క అడిగితే అదీ లేదు, "ఊఁ". కూరలో ఉప్పు వెయ్యనా అంటే "ఊఁ", వద్దా అంటే "ఊఁ". ఒకసారి కోపం వచ్చి "ఇల్లు అంటుకుందండీ" అంది. దానికీ "ఊఁ" అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. అక్క ఏడ్చింది. "ఒరే, ఈయనకి నేనంటే లెక్కే లేకుండా పోయిందిరా" అని. అప్పటి నుంచి ఆవిడా మాట్లాడడం తగ్గించేసింది. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు, మధ్యలో ఆ మిషను మూలుగు.

ఆయనకి ఇంకో అలవాటుండేది. స్విచ్చి ఆపాక చక్రాలు వెంటనే ఆగవు కదా, చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. అంతసేపూ బల్ల మీద అరచెయ్యి ఆనించి, తల కొంచెం వంచి నిలబడేవాడు. ఆ తరవాతే బ్లేడు పక్కన ఇరుక్కున్న ముక్కలు తీసేవాడు. "అయ్యగారు మిషనుకి దీవెనలిస్తున్నారు" అని పనివాళ్లు నవ్వుకునేవాళ్లు. ముందు మొదలుపెట్టింది నేనేలే.

సరే. ఇంతలో వాళ్ల అన్నగారింట్లో పెళ్లి వచ్చింది, ఊరెళ్లాడు. అక్క కాలు బెణికిందని ఉండిపోయింది. కాలూ బెణకలేదు, చెయ్యీ బెణకలేదు. ఆయన సందు దాటాడో లేదో, కొంగు దోపుకుని షెడ్డులోకి వచ్చి "ఒరే, ఫిట్టర్ని పిలు. ఈ దయ్యాన్ని ఇవాళ వదిలిద్దాం" అంది. ఆ ఫిట్టరు ఒక నసమేళం, నట్టు విప్పితే ఒక మాట, బిగిస్తే ఒక మాట. చక్రాలు దించి, పాత బేరింగుని చెక్కముక్క ఆనించి కొట్టి బయటికి తీసి, "అమ్మగారూ, ఇది బేరింగు కాదు, గిలక్కాయ" అన్నాడు. నిజమే, ఊపితే గలగలమంది. కొత్తవి వేసి, బ్లేడు ఎక్కించి, స్విచ్చి వేశాం. ఏం చెప్పను! మిషను నడుస్తోందా లేదా అని వంగి చూసుకోవాల్సి వచ్చింది. బల్ల మీద నిండుగా నీళ్లగ్లాసు పెట్టింది అక్క, చుక్క తొణకలేదు. తన పెళ్లి కుదిరినంత సంబరం. "వచ్చాక ఏమీ చెప్పకండి. ఆయనంతట ఆయనే చూసి మెచ్చుకోవాలి" అంది.

బావ వచ్చాడు. పొద్దున్నే పనిలో దిగాడు. స్విచ్చి వేసి, బల్ల మీద చెయ్యి పెట్టి, ఆపాడు. మళ్లీ వేశాడు. మొహం చిట్లించాడు, మా అందరి వంకా చూశాడు. ఒక చెక్క పలక కోశాడు, అద్దంలా వచ్చింది కోత. మేం లోపల్లోపల మురిసిపోతున్నాం. అక్క టీ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది, మెచ్చుకోలు వినడానికి. ఆయన స్విచ్చి ఆపాడు. అలవాటు ప్రకారం చెయ్యి ఆనించాడు. ఆనించి ఆనించకముందే తీసేసి, బ్లేడు పక్కన ముక్క కోసం వేళ్లు చాపాడు. అమ్మడూ, చక్రాలు ఇంకా జోరుగానే తిరుగుతున్నాయి! కొత్త బేరింగులు, వణుకు లేదు, బ్లేడు నిలబెట్టిన గీతలా ఉంది కంటికి. అక్క అరిచింది. నేను అరిచాను. వీధిలో పోయేవాడు కూడా ఆగాడు. ఈయన తిరగడే! అక్క చేతిలో గ్లాసు టీతో సహా విసిరేసింది, వెళ్లి వీపు మీద ఠంగున తగిలింది. అప్పుడు తిరిగాడు, "పిచ్చెక్కిందా నీకు!" అని. ఆయన మోచెయ్యి తగిలి ఆ ముక్క బ్లేడు మీద పడింది. పడ్డది పడ్డట్టే ఎగిరి అవతల గోడకి కొట్టుకుంది.

ఆయన ఆ ముక్కని చూశాడు, తన వేళ్లని చూసుకున్నాడు. అక్క మెల్లిగా ఆయన వెనక్కి నడిచి వెళ్లి, గట్టిగా "ఏమండీ" అంది. మేమంతా తిరిగాం. ఆయన తిరగలేదు. ఇంకోసారి అంది. మా మొహాలు చూసి ఆయనకి అర్థమైపోయింది, వెనక ఏదో జరుగుతోందని. అట్లాగే, తిరక్కుండానే, "ఎప్పటి నుంచో వినపడట్లేదే" అన్నాడు. "చెబితే రంపం దగ్గర నిలబడనివ్వరు కదా."

మేం పనివాళ్లం, ఇక్కడ ఎప్పుడూ సైగలే, ఎవడి మాట ఎవడికి వినపడింది గనక! అందుకని మాకు తెలీలేదు. ఆ వణుకే ఆయన చెవి. అది కాస్తా మేం పీకేశాం. ఆ తరవాత ఏమన్నాడో తెలుసా? "ఆ పాతవి తెచ్చి మళ్లీ వెయ్యండి" అని పంతం. ఫిట్టర్ని మళ్లీ పిలిపించాం. వాడు చేతులు ఆడిస్తూ "చక్రం ఊడి నెత్తిన పడుతుంది మేస్త్రీ గారూ" అన్నాడు. బావ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు, ఇక ఇంటికి పోతాను, మీరే కోసుకోండి అన్నట్టు. అప్పుడు అక్క బల్లకి అవతల, ఆయనకి ఎదురుగా వెళ్లి నిలబడి చెయ్యి పైకెత్తింది. అంటే తిరుగుతోంది. చక్రాలు పూర్తిగా ఆగాక దించింది. అంతే. మర్నాటి నుంచి అదే పద్ధతి. కోసిన పలక అటు నుంచి లాగేదీ ఆవిడే, చెయ్యెత్తేదీ ఆవిడే. "పెళ్లినాడు కూడా నా మొహం ఇంతసేపు చూడలేదురా మీ బావ" అనేది, నోరు బాగా కదిపి, ఆయనకి తెలిసేలా. ఇద్దరికీ పొద్దున గొడవైందనుకో, మూతి పక్కకి తిప్పుకుని చెయ్యి మాత్రం ఎత్తేది. చక్రాలు ఆగిపోయి, పొట్టు కూడా నేలకి దిగిపోయినా చెయ్యి దించేది కాదు, సాధింపు! ఆగిపోయిందని కళ్లకి కనిపిస్తూనే ఉన్నా ఈయన అట్లాగే నిలబడేవాడు. ఒక్కరోజు కూడా ముందు చెయ్యి పెట్టలేదు.

అక్క పోయాక చాన్నాళ్లకి షెడ్డులోకి వచ్చాడు. నేనే వెళ్లి ఎదురుగా, అక్క చోట నిలబడ్డాను. చెయ్యెత్తాను. ఒక పలక కోశాడు, ఆపాడు. చక్రాలు ఆగాయి, చెయ్యి దించాను. ఆయన చెయ్యి చాపలేదు. "ఆగింది బావా" అని సైగ చేశాను. అక్క ఇంకా చెయ్యి దించలేదన్నట్టు నా వంక చూస్తూనే ఉన్నాడు. చక్రాన్ని పట్టుకుని మరీ చూపించాను...

అదిగో, చినుకులు. లే అమ్మడూ, బయట పలకలు తడిసిపోతాయి.