గడప దాటిన మాట

ఫిజీలో చెరకు రైతుల ఊరి బడి. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు. కుర్చీలు ఇంకా గుండ్రంగా వేసే ఉన్న తరగతి గదిలో ఇద్దరే: స్థానిక తెగలవాళ్ళు, భారత సంతతివాళ్ళు అనే రెండు జాతుల తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడించే స్థానిక తెగ మనిషి లోసానా టీచరు, భారత సంతతి కౌలు రైతు భార్య ధర్మతి.

"కూర్చోను. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఇది పట్టుకున్నవాళ్ళదే వంతు అని శంఖం చేతికిచ్చి మాట్లాడమంటావా ఏంటి, అక్కా?"

"టీ అన్నా తాగు, ధర్మతీ."

"టీ వద్దు. ఈ ఉత్తరం చదువు. చెరకు నరకడం అయ్యాక పొలం, ఇల్లు మీ తెగవాళ్ళకి అప్పజెప్పాలట. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న కౌలు!"

"తెలుసు."

"ఎలా తెలుసు? నిన్ననేగా వచ్చింది?"

"అంటే... విన్నాను."

"ఎవరి దగ్గర?"

"ఎండలో నడిచొచ్చావు. ముందు..."

"మాట మార్చకు! పిల్లలు రెండు జట్లై తలలు పగలగొట్టుకున్నారని, అమ్మలు మాట్లాడుకుంటే వాళ్ళూ మారతారని పిలిచింది నువ్వు. ఇక్కడి మాట గడప దాటదన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"అది నమ్మి నోరు విప్పాను. రెండు జాతుల గొడవల ఏడాది మా ఇల్లు తగలబెట్టారని, అప్పట్నుంచీ బట్టల సంచీ తలుపు వెనకే ఉంటుందని, ఈ నేల నాదనిపించదని చెప్పాను. మా అమ్మకి కూడా చెప్పని మాట! నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు."

"నిజంగానే ఏడ్చాను."

"ఏడ్చి, పోయి మీ అన్నకి చెప్పావు. ఆయనేగా తెగపెద్ద! వీళ్ళకి ఎలాగూ ఇక్కడ ఉండాలని లేదూ అని."

"నేను చెప్పలేదు."

"మరి శంఖం చెప్పిందా?"

"దేవుడి మీద ఒట్టు, చెప్పలేదు."

"నీ కూతురి పెళ్ళికి మూడు రోజులు రోటీలు కాల్చాను. సొంత అక్కవనుకున్నాను. మా ఆయన బిసున్ నిన్నట్నుంచీ ముద్ద ముట్టలేదు పాపం. నా నోటి వల్లే పొలం పోయిందని నా మొహమే చూడ్డం లేదు."

"నీ వల్ల కాదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. ఇంక అడక్కు."

"ఎందుకు అడక్కూడదు?"

"మగవాళ్ళనీ నేనే కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాను కదా. వాళ్ళ మాటా గడప దాటకూడదు."

"ఎవరేమన్నారు అక్కడ? అటు చూడకు. నన్ను చూసి చెప్పు."

"చెప్పలేను, తల్లీ."

"నువ్వు మాట నిలబెట్టుకోడానికి నా కొంప మునగాలా?"

"మావాళ్ళు పొలం అడగలేదు, ధర్మతీ. బిసునే మా ఆచారం ప్రకారం కావా వేర్లు కానుకగా పట్టుకొచ్చి మా అన్న ముందు పెట్టి, కౌలు వదులుకుంటానన్నాడు. న్యూజిలాండ్‌కి వలస వెళ్ళడానికి కాగితాలు పెట్టాడట. తనకీ, కొడుక్కీ. నీకు పెట్టలేదు."