ఎండుకొమ్మ కింద కుర్చీ

...ఆఁ, ఇందాక వేలు జారి మధ్యలోనే వెళ్ళిపోయింది. ఏమనుకోకు తల్లీ, ఇది మూడో వాయిస్ మెసేజ్, ఇంకా అసలు సంగతికి రాలేదని నాకూ తెలుసు. పిన్ని మొదలుపెడితే అంతే అని మీ అమ్మతో చెప్పుకుని నవ్వుతావు కూడా. ఏం చేయను, నువ్వు మున్సిపాలిటీలో చెట్ల సెక్షన్‌లో చేరావనగానే మా పెద్దత్త గుర్తొచ్చింది. నువ్వు పుట్టేనాటికే లేదులే ఆవిడ. మనిషి ఇంతే ఉండేది, గొంతు మాత్రం వీధి చివరిదాకా. మామయ్య దానికి పూర్తి వ్యతిరేకం. టైలరు కదా, ఇంట్లో వెలుతురు చాలక, గుమ్మం ముందు రోడ్డు పక్కనున్న చెట్టు కింద మిషను వేసుకునేవాడు. ఖాకీ బట్ట కనిపిస్తే చాలు, అది పోస్టుమాన్‌దైనా సరే, తల దించుకుని ఇంకా గబగబా తొక్కేవాడు. అంత భయం ఆఫీసులంటే.

చెట్టేమో మున్సిపాలిటీది. సరిగ్గా మిషను మీదుగా ఉన్న పెద్ద కొమ్మ ఎండిపోయింది. గాలి వీస్తే కిర్రుమనేది, అత్త చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేది. జరిగి కూర్చోమంటే ఇటు ఎండ, అటు మురిక్కాలువ. వాళ్ళకి చెప్పి తీయిద్దామంటే మామయ్య, ‘పెద్దవాళ్ళతో మనకెందుకే, పడితే పడుతుంది’ అనేవాడు. పడేది ఎవరి నెత్తిన అనుకున్నాడో మరి. సరే, అత్త ఆయనకి చెప్పకుండా మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది. వెళ్ళింది బాగానే ఉంది, అక్కడ చేసింది పొరపాటు. కొమ్మ అంటే ఎవరూ కదలరని, ‘చెట్టు పడిపోయేలా ఉంది బాబూ’ అని కాస్త పెంచి చెప్పింది. వాళ్ళు నిజంగానే వచ్చారు! మామయ్య భోజనానికి లోపలికెళ్ళినప్పుడు ఒకతను వచ్చి, మాను మీద ఎర్రరంగుతో ఇంటూ మార్కు కొట్టి పోయాడు. మొత్తం చెట్టే కొట్టేస్తారన్నమాట.

అత్త అది చూసింది. నీడ పోతే ఆయన మిషను ఎక్కడ పెట్టుకుంటాడు? లోపల కూర్చుంటే సూదిలో దారం కూడా ఎక్కించలేడు. మామయ్యకి కనపడకుండా, ఎవరో కుట్టడానికిచ్చిన కోటు ఆ మార్కు మీద తగిలించి, మళ్ళీ పరిగెత్తింది ఆఫీసుకి. అక్కడి సెక్షన్ ఆయన ముక్కుతో మాట్లాడేవాడట, అత్త అచ్చం అలాగే చేసి చూపించేది నాకు. ‘పడిపోతుందన్నదీ మీరే, బాగుందంటున్నదీ మీరే. ఉంచమంటే ఉంచుతాం, కొట్టమంటే కొడతాం. ఒక్కో కొమ్మకీ మనుషుల్ని పంపడం మావల్ల కాదమ్మా.’

అప్పుడేం చేసిందో చూడు. మా వార్డు కౌన్సిలర్ చొక్కాలు మామయ్యే కుట్టేవాడు. చొక్కా అయిపోయింది, వచ్చి వేసుకుని చూసుకోమని కబురు పెట్టింది. మామయ్యనేమో గుండీలు చాల్లేదని బజారుకి తోలింది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీ తెచ్చి, సరిగ్గా ఆ ఎండుకొమ్మ కిందే వేసింది. ఆయన దర్జాగా కూర్చున్నాడు. గుండీల కోసం వెళ్ళారు, ఇప్పుడొచ్చేస్తారని మంచినీళ్ళిచ్చింది. ఇంతలో గాలి. పైన కిర్రుమంది, గ్లాసులో ఇంత బెరడు ముక్క పడింది. ఆయన కుర్చీ జరపబోతే, అటు ఎండండీ, ఇలాగే కూర్చోండి అంటుందిట అత్త. చివరికి ఆయన, ‘పిన్నిగారూ, ఇది నెత్తిన పడేలా ఉందండీ’ అన్నాడు.

‘మీకు ఈ ఒక్క పూటే కదా బాబూ,’ అందిట అత్త. ఎప్పుడూ లేనిది, చాలా మెల్లగా. ‘ఆయన రోజూ ఇక్కడే కూర్చుంటారు. చెట్టు మీ మున్సిపాలిటీదేనట కదా. మరి దాని మంచీ చెడ్డా ఎవరు చూడాలి?’

ఆయన కొమ్మ వంక చూసి లేచాడు. గుండీలు లేని చొక్కానే మడతపెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే నిచ్చెనేసుకుని మనుషులొచ్చారు. కొమ్మకి తాడు కట్టి, పసిపిల్లని దించినట్టు కిందికి దించి, మార్కు మీద సున్నం పూసి మరీ వెళ్ళారు. చెట్టు చెట్టులాగే ఉంది.

ఇక మామయ్య ఆనందం చూడాలి! ‘చూశావటే, నోరు తెరిచి అడక్కుండానే వచ్చి చూసుకున్నారు. ఊరికే ఆడిపోసుకుంటావు గానీ వాళ్ళని.’ పోయేదాకా ఇదే మాట, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడితోనూ. అత్త అటు తిరిగి దారం కొరుక్కుంటూ కూర్చునేది. ఒక్కసారైనా చెప్పొచ్చు కదత్తా అన్నాను నేను. ‘ఎందుకే పాపం, ఊరంతటిలో వాళ్ళని మంచివాళ్ళనేది ఈయనొక్కడే. ఆ ఒక్కణ్ణీ పోగొట్టమంటావా?’ అంది. కానీ తల్లీ, చిత్రమేంటంటే మరుసటేడు వాళ్ళు నిజంగానే ఎవరూ పిలవకుండా చెట్టు చూడ్డానికి వచ్చారు, నిచ్చెనతో సహా. అందుకని నువ్వు ఆ సీట్లో కూర్చున్నాక, ఎవరైనా వచ్చి కొంచెం ఎక్కువ చేసి చెప్పినా సరే, ఒక్కసారి వెళ్ళి చూసి... ఆఁ? వస్తున్నానండీ! మోటారు ఆపలేదట, ట్యాంకు పొంగిపోతోంది, ఉండు తల్లీ...