దోర మావిడికాయ రంగు

సింహాద్రి ఉన్నాడు చూశారూ, మనలాగే రంగులేసేవాడు, ఆడికి చెయ్యి కంటే నోరు ముందు లేస్తదంట. బుల్లెమ్మగారని, మావిడితోటావిడ, కొత్తిల్లు కట్టిస్తంది. ఇల్లంతా గవర్రాజు మేస్త్రీ ఒప్పుకుని, రంగుల పని మటుకు మనోడికిచ్చేడు. రంగూ కూలీ నువ్వే పెట్టుకో, ఆవిడ సరేనన్నాకే నీ డబ్బులు అన్నాడంట. దానికేముంది అన్నాడు మనోడు. మనం ఎప్పుడు కాదన్నాం గనక!

ఏమైందంటే, బుల్లెమ్మగారు రంగుల కంపెనీ కార్డు మీద రంగులు నాకొద్దు అని, తోటలోంచి దోర మావిడికాయొకటి తెచ్చి, ఇదిగో ఈ రంగు కావాలంది. మనోడు ఆ కాయని గుమ్మానికి తాడేసి కట్టేసి, మేస్త్రీ ఎదురుగా ఏమన్నాడో తెలుసా? "అమ్మగారూ, గోడకీ కాయకీ ఇసుమంత తేడా ఉంటే నా ఖర్చుతో మళ్ళీ వేస్తాను." ఎవరైనా అడిగేరా ఆణ్ణి? అడగలేదు. ఇంటికెళ్తే పెళ్ళాం నూకాలు, ముందు జానెడు గోడకేసి ఆవిడకి చూపించి, సరేనన్నాక మిగతాది వెయ్యవయ్యా అని మొత్తుకుంది. నాకా చెప్తావు అని, దాని చెవి దిద్దులే తాకట్టెట్టి రంగు డబ్బాలు కొన్నాడు.

లేతాకుపచ్చ రంగు, నున్నగా, చక్కగా వేసేడంట. వేసి ఆవిణ్ణి పిలిస్తే, ఆవిడ గోడ చూసింది, కాయ చూసింది. కాయేమో పసుపెక్కి కూర్చుంది. తేడా ఉంది కదయ్యా అంది. మేస్త్రీని అడిగితే, నేను ఆవిడకి ఇల్లు ఒప్పుకున్నాను గానీ కాయ ఒప్పుకోలేదు, ఆ మాట నీదే అనేసేడు. ఇంకేం చేస్తాడు, అరువుకి డబ్బాలు తెచ్చి మళ్ళీ పసుపేసేడు. వేస్తన్నంతసేపూ గోడ కంటే కాయనే ఎక్కువ చూసేడంట. ఆఖరి గోడకొచ్చేసరికి కాయ మీద నల్లమచ్చ! ఇంక దిద్దులు పోయినట్టే అనుకుని, నిచ్చెన మీదే కూలబడి ఏడ్చేడు పాపం.

అప్పుడే నూకాలు అన్నం క్యారేజీ పట్టుకొచ్చింది. సంగతంతా విని, ఆణ్ణి ఒక్కమాట అనకుండా, ఆ ఆఖరి గోడ పూర్తి చేయించి, బుల్లెమ్మగారిని గుమ్మంలోకి పిల్చింది.

"అమ్మగారూ, ఆ మచ్చ వదిలేసి చెప్పండి, ఇప్పుడు రెండూ ఒకటేనా?"

"ఇప్పుడైతే ఒకటేనే," అందావిడ.

అనడమే ఆలస్యం, నూకాలు తాడు తెంపి, కాయ కడిగి, కోసి తలా ఒక ముక్క చేతిలో పెట్టేసింది. మేస్త్రీక్కూడా. ఆవిడ నవ్వుకుని, ముక్క తిని, ఆడి డబ్బులిచ్చెయ్యి మేస్త్రీ అంది. దిద్దులు విడిపించేరు గానీ, రెండోసారి రంగు ఖర్చు మటుకు మనోడి నెత్తినే పడింది. అప్పట్నుంచీ ఎవరు పని చెప్పినా, మా ఇంటిదానితో మాట్లాడండి బాబూ అని నోరు కట్టేసుకుంటాడంట సింహాద్రి.

నవ్వండి, నవ్వండి. ఈ కథ నాకిప్పుడెందుకు గుర్తొచ్చిందనుకున్నారు? పొద్దున మనకి పనిచ్చిన ఆసామి జాంపండు చీల్చి, లోపలి రంగు చూపించి, హాలుకిది కావాలన్నాడు. దానికేముందండీ అనేసి వచ్చేను. ఇదిగో, జేబులోనే ఉంది. అప్పుడే నల్లబడతంది.