నడిపన్న గంతలు కట్టుకున్న పొద్దు

సుంకులమ్మని ఒకామె ఉండె. గానుగోళ్ల కోడలు. పదైదేండ్లు గానుగ కాడే బతికినామె. గానుగ రోట్లో నలిగే గింజల పిండిని చేత్తో తాకితే చాలు, ఇంగ చెంబెడు నీళ్లు పొయ్యాల, అప్పుడు నూనె దిగుతాది అని చెప్పేదంట. ఆమె మొగుడు నడిపన్న. మంచోడే, కాదన్ను, మొండోడు అంతే. ఏమైందంటే, ఆమెకు అమ్మవారు పోసె. ప్రాణం దక్కింది గానీ రెండు కండ్లూ పాయె. నడిపన్న నెల దినాలు ఏడ్చి, ఆమెను నడింట్లో చాప మీద కూచోబెట్నాడు. లేవొద్దంటాడు. గానుగ తట్టు రావొద్దంటాడు. బువ్వ గూడా ముద్దలు చేసి తనే నోట్లో పెడతాడు. ప్రేమే! ప్రేమ కాదని ఎవురన్నారు? ఆర్నెల్లు అట్లే జరిగె. పూటకు నాలుగు ముద్దలు తినే మనిషి రెండుకొచ్చె, ఒకటికొచ్చె, కడాకు నోరే తెరవకపాయె. రెండు దినాలు ఏమీ ముట్టలేదంట. ఇంగ ఈమె నాకు దక్కదని నడిపన్నకు భయం పట్టుకునె.

నీకేం తక్కువ చేస్తినే అని కాళ్ల కాడ కూచొని ఏడ్చినాడు. అప్పుడామె అనింది, "ఏమయ్యా, మన గానుగెద్దుకు గంతలు కట్టేది నువ్వే గదా? దాని కండ్లు మూసి మరీ పని చేపిచ్చుకుంటావు. నా కండ్లు దేవుడు మూస్తే నన్నెందుకు మూలకేస్తివి?" గంతలంటే తెల్సు గదా మీకు, గానుగ తిరిగే ఎద్దుకు తల తిరక్కుండా కండ్లకు కట్టే తోలు మూతలు. నడిపన్నకు ఉక్రోషమొచ్చె. ఎద్దు తిరిగే దారి ఒకటే మే, నీకట్ల కాదు, యాడన్నా పడి చస్తావు అన్యాడు. అయితే పొద్దు గుంకేదాకా ఆ గంతలు నువ్వు కట్టుకో, పడి చస్తావో బతుకుతావో చూద్దాం అనిందామె. కట్టుకుంటే బువ్వ తింటావా అన్యాడు. తింటా అనింది.

ఎద్దును ఇడిసి, ఆ గంతలు తను కట్టుకున్యాడు. గడప తన్నుకున్యాడు. నీళ్ల తొట్టనుకొని కుడితి తొట్లో మొగం కడిగినాడు. నవ్వండి, నవ్వండి, అదేం పెద్ద సంగతి గాదు. ఏమైందంటే, నూనెకని పక్కింటి లచ్చుమక్క వచ్చింది. వీన్ని చూసి, "అయ్యో సుంకులూ, మీ ఆయన కండ్లకేమాయె? మజ్జిగ తాగుతాడేమో అడుగు" అనింది. వీడు ఎదురుగానే ఉండాడు, వీన్నే అడగొచ్చు గదా! ఇంతలో ఎదురింటాయన వచ్చి, మాటా పలుకూ లేకుండా రెట్ట పట్టి ఈడ్చకపోయి అరుగు మీద కూలేసినాడు. ఈన్ని లేవనీయొద్దమ్మా, గానుగ కింద పడతాడు అన్యాడు. నడిపన్న గావుకేక పెట్నాడు, "నన్నడగండయ్యా! కండ్లే గదా మూసింది, నోరు మూసినారా? నేనీడనే ఉండాను గదా!" అనేసి, అట్లే కొయ్యబారిపాయె. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో ఆ కేక ఎవురు పెట్టాల్సిందో అప్పుడు తెలిసింది వానికి. గంతల కింద నుంచి బొటబొటా నీళ్లు కారె.

సుంకులూ, నన్ను గానుగ కాడికి తోడకపోతావా అన్యాడు. ఇప్పుకో పో, బువ్వ తింటాలే అనిందామె. పొద్దు గుంకలేదు, ఇప్పను అన్యాడు. ఆమె చెయ్యి చాపింది, వీడు పట్టుకున్యాడు. ఆర్నెల్లు నడవని కాళ్లు, ఐనా ఒక్క అడుగు తప్పు పడలేదంట. రోట్లో పిండి తాకి, వాసన చూసి, "ఇన్ని నీళ్లు పోస్తే నూనె యాడ దిగుతాది, నీ మొగం!" అని తిట్టింది. ఆ తిట్టుకు నడిపన్న రెండు చేతులూ ఎత్తి మొక్కినాడంట. ఆ పొద్దు సంగటి ఆమె తన చేత్తో తుంచుకొని తినింది. వీడు తనకేమీ కనపడకున్నా ఎదురుగా కూచొని, ఆమె నమిలే చప్పుడు వినుకుంటా, చాలు తల్లీ, నా ఇల్లు నిలబడింది అనుకున్యాడు.

ఆ పైన గానుగ ఆమె చేతి మీదనే నడిచె. నాకూ ఇప్పుడు మీ మొగాలు మసక. ఐనా ఊ కొడతాంటారు గదా, ఎవురెవురు యాడ కూచున్యారో అన్నీ తెలుస్తాది. పిలిచి కత చెప్పమంటారు, అది చాలు, మీ కడుపులు చల్లగుండ. సరే, ఇంటికి పోతా. ఏయ్, ఎవురది లేచింది? కూచో నాయనా! నా కట్టె యాడుందో చెప్పు, నేనే తీసుకుంటా.