ఇన్నయ్య నిశానీ

పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్లు వెనక్కి తీసుకోవడానికి ఆఖరి రోజు. హెప్సిబా పంచలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఎదురుగా మంచం మీద మరిది దేవానందం, చేతిలో ఒక కాయితంతో.

“ముందు ఆ మిరపకాయలు పక్కన పెట్టు వదినా. మూడింటికల్లా ఆఫీసులో ఇయ్యాల ఇది.”

“ఇప్పుడు రెండేగా. ఎందుకురా అట్టా ఊగుతావు? నవారు తెగిద్ది.”

“రెండూ పది.”

“టీ పెట్టమంటావా?”

“వద్దు. ఒక్క ముద్రెయ్యి చాలు. ఇంకు పెట్టె గూడా తెచ్చా.”

“ఏముందిరా అందులో? చదువు.”

“ఏముంటది? హెప్సిబా అనే నేను, సర్పంచి పదవికి వేసిన నామినేషను ఇష్టపూర్తిగా ఎనక్కి తీసుకుంటన్నాను. అంతే.”

“ఇష్టపూర్తిగా.”

“అట్టాగే రాస్తారులే.”

“ఇష్టం నాదా, మస్తాన్‌రావుదా?”

“మెల్లగా! ఆయన మనుషులు వీధి చివర జీపులో ఉన్నారు.”

“ఉండనీ. మిరప ఘాటుకి దగ్గుకుంటా వాళ్లే పోతారు.”

“నవ్వులాట గాదు వదినా. పెద్దలంతా కూర్చొని ఊరు ఏకగ్రీవం చేద్దామనుకున్నారు. సర్పంచయ్యేది ఎవరు? నా పెళ్లాం, నీ తోడికోడలు. మన ఇంటిదేగా!”

“పాపమ్మ సర్పంచయితే కుర్చీలో ఎవరు కూర్చుంటారు?”

“పాపమ్మే.”

“నా కళ్లల్లోకి చూసి చెప్పు.”

“మస్తాన్‌రావు గారు గూడా పక్కన ఉంటాడు. మంచీ చెడూ చెప్పేదానికి.”

“ఇన్నేళ్లు ఆయన వాకిలి ఊడ్చింది గానీ, గడప దాటి లోపల కాలు పెట్టిందంట్రా పాపమ్మ?”

“అయ్యన్నీ ఇప్పుడెందుకు?”

“ఎందుకో అడిగాలే. ఏకగ్రీవం అంటే ఏందో తెలుసా నీకు?”

“అందరిదీ ఒకటే మాట.”

“కాదంట. సుబ్బరత్నం టీచరు చెప్పింది. గ్రీవం అంటే మెడంట. ఏకగ్రీవం అంటే ఒకే మెడ.”

“ఈ వయసులో పలకా బలపం పట్టుకున్నప్పుడే అనుకున్నా, ఇట్టాంటియ్యన్నీ తలకెక్కుతాయని.”

“మంచిదేలే. ఊరంతటికీ ఒకే మెడైతే పిసికేదానికి మస్తాన్‌రావుకి ఒక చెయ్యి చాలు.”

“వదినా! నీకు దణ్ణం పెడతా. ముద్రెయ్యి, నే పోయి ఇచ్చొస్తా.”

“నువ్విస్తే తీసుకుంటారా? నేను రావక్కర్లా?”

“అక్కర్లా. ఆఫీసరుతో మాట్లాడే ఉంది.”

“మరి పోయిన ఎన్నికల్లో ఎనక్కి తీసుకునేదానికి మీ అన్న తనే ఎందుకు పోయాడు ఆఫీసుకి?”

“అప్పటి రూలు వేరు.”

“ఆరోజు మీ అన్నని ఆఖర్న చూసింది నువ్వేగా. ఇంకోసారి చెప్పరా.”

“ఐదేళ్లనుంచి చెప్తనే ఉన్నా.”

“విసుక్కోబాకు. పెనిమిటి కత. ఎన్నిసార్లయినా వింటా.”

“ఏముంది? ఇన్నయ్యన్నా నేనూ బండి మీద ఆఫీసుకి పోయాం. తన చేత్తో తనే కాయితం ఇచ్చాడు. బయటికొచ్చి, మనసు బాలేదురా, నువ్వు బండి తీసుకోపో, నే కాలవ గట్టెమ్మట నడిచొస్తా అన్నాడు. తెల్లారి నీళ్లలో తేలాడు. కాలు జారింది.”

“ఈతొచ్చినోడు.”

“రాత బాలేకపోతే ఈతేం చేసిద్ది వదినా?”

“అదీ నిజమే. ఇటియ్యి ఆ కాయితం.”

“నువ్వేం చూస్తావు?”

“వేలు పెట్టి చదువుతా, ఆగు. కింద ఏందో ఉంది. ని... శా... నీ. నిశానీ అంటే వేలిముద్రేగా? నాకు ముద్రని రాశారేంది? నాకు సంతకమొచ్చు.”

“ఏందీ?”

“నామినేషను మీద సంతకమే పెట్టా. హెప్సిబా. మూడే అక్షరాలు. నడిమి దానికి నెల పట్టింది.”

“ఈ సంగతి మాకెవురూ చెప్పలా.”

“అడిగితేగా. ఊళ్లో హెప్సిబా అంటే బొటనవేలనే మీకు లెక్క.”

“సరేలే. ఇప్పుడు వేరే రాయించే టయిము లేదు. ముద్రే వెయ్యి.”

“అందులో సంతకం, ఇందులో ముద్ర. ఆఫీసరు ఒప్పుకుంటాడా?”

“అన్నది ఒప్పుకోలా?”

“మీ అన్నదా?”

“అదే... ఒప్పుకుంటారు అంటన్నా.”

“మీ అన్నది ముద్రా?”

“వదినా, టయిమవుతంది.”

“దేవానందం. మీ అన్నకి సంతకమొచ్చు గదరా. పెళ్లిరోజు చర్చి పుస్తకంలో ఆయన సంతకం పెట్టాడు, పక్కన నేను వేలేశాను. దానికి జన్మంతా ఎగతాళి చేశాడు నన్ను. అట్టాంటోడు ముద్రేశాడా?”

“చెయ్యి వణికింది వదినా. పెన్ను పట్టలేకపోయాడు. నేనే వేలు పట్టుకొని వేయించా. కింద సాక్షి సంతకం గూడా నాదే. నువ్వు బాధపడతావని ఇన్నాళ్లూ చెప్పలా.”

“అంత భయపడ్డాడా?”

“చానా.”

“నాతో ఒక్క ముక్క అనలా. పొద్దున సద్దన్నం తిని, ఎనక్కి తీసుకునేది లేదే అని మీసం తిప్పిపోయాడు.”

“నీ ముందు మగోడు మీసం తిప్పడా? లోపల నీ గురించే భయం, పిల్ల గురించే భయం. ఇప్పుడు మాత్రం ఏం మారింది? నిస్సీ ఈరోజు కాలేజీ నుంచి వస్తందంటగా.”

“నీకెవరు చెప్పారు?”

“మస్తాన్‌రావు గారు.”

“ఆయనకెవరు చెప్పారు?”

“నరసరావుపేట బస్సు, నాలుగున్నరకి, పెట్రోలు బంకు కాడ దిగుద్ది అన్నాడు. అక్కణ్ణుంచి ఊళ్లోకి రెండు మైళ్లు ఒక్కతే నడిచొస్తది గదా దేవానందం, అన్నాడు. అంతే. ఇంకేం అనలా.”

“ఇంకేం అనలా.”

“అనాల్నా ఇంకా?”

“అక్కర్లా.”

“నా మీద కోపం పెట్టుకోబాకు. నేను మోసేవాణ్ణి. వాళ్లు చెప్పింది నీకు మోసుకొచ్చా.”

“తెలుసులే. ఇయ్యి.”

“ఏందీ?”

“ఇంకు పెట్టె. సర్పంచి లేదు, గిర్పంచి లేదు. పిల్ల ఇల్లు చేరితే చాలు.”

“నా తల్లే! బతికించావు వదినా. బస్సు కాడికి నేనే పోయి నిస్సీని బండి మీద తీసుకొస్తా. నాదీ పూచీ.”

“ఉండు, చేతులు కడుక్కోనీ. కాయితానికి కారమంటుద్ది.”

“తొందరగా. రెండున్నర దాటింది.”

“ఏ వేలు?”

“ఎడం చెయ్యి బొటనేలు. ఆగాగు, అట్టాగే పెట్టబాకు. ముందు కొంగుతో తుడుచుకో. తడి వేలైతే ఇంకు పట్టదు, అంతా అలుక్కుపోద్ది. అన్నది గూడా అట్టాగే రెండుసార్లు అలికితే, నా కండువాతో ఒత్తి ఒత్తి తుడిచాక మూడోసారికి పడింది.”

“తడి వేలు.”

“ఏంది వదినా, అట్టా చూస్తావు? తుడుచుకో.”

“కాయితం ఇచ్చినాక గదరా మీ అన్న కాలవలో పడింది?”